డాబా మీద యాంటెన్నా, మార్కుల మెమోలో రెండు ఎఫ్‌లు

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ రెండో సంవత్సరం. హ్యామ్ రేడియో (సరదాకి నడిపే సొంత రేడియో స్టేషన్) అంటూ డాబా మీద యాంటెన్నా కట్టాడు. ఎండ, గాలి, వాన లెక్కలు రేడియోలో పంపి మ్యాపులో చూసుకుంటాడు. ఏపీఆర్ఎస్ అంటారట. ఈ ధ్యాసలో రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నాడు. దీంతో ఉద్యోగం వస్తుందా? మాన్పించమంటారా? - ఒక తండ్రి, కాకినాడ

జవాబు: అవన్నీ తర్వాత. మీవాడికి లైసెన్స్ ఉందా? ఆన్‌లైన్‌లో కొన్న వాకీటాకీతో లైసెన్స్ లేకుండా సిగ్నల్ వదలడం నేరం. లేకపోతే ఈ రోజే ఆపించండి, పరీక్షకు కట్టించండి. 12 ఏళ్లు నిండినవాళ్లు రాయొచ్చు, కింది మెట్టు లైసెన్స్ రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల భాష) కూడా అక్కర్లేదు. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, అక్కడ కనుక్కోండి. కాల్‌సైన్, అంటే లైసెన్స్‌తో ఇచ్చే స్టేషన్ గుర్తు, వచ్చేదాకా వాతావరణం లెక్కలు ఇంటర్నెట్‌లో పంపుకోవచ్చు. సిటిజన్ వెదర్ అబ్జర్వర్ ప్రోగ్రామ్‌లో హ్యామ్‌లు కానివాళ్లూ చేరొచ్చు.

ఇక ఉద్యోగం సంగతి. దీంతో నేరుగా రాదు. కాల్‌సైన్ డిగ్రీ కాదు, హ్యామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల మీద వ్యాపారం చేయకూడదు కూడా. అయినా మాన్పించమని చెప్పను. అమెరికా నావల్ అకాడమీ ఇంజినీరు బాబ్ బ్రునింగా తీర్చిన పద్ధతి ఈ ఏపీఆర్ఎస్. స్టేషన్ తానెక్కడుందో, అక్కడ గాలి ఎటు వీస్తోందో ఒక ప్యాకెట్‌లో (చిన్న డేటా మూటలో) పెట్టి వదులుతుంది. సెట్టులో వింటే ఒక్క క్షణం బర్రుమంటుంది, అంతే. ఎత్తు మీదున్న మరో స్టేషన్ దాన్ని అందుకుని మళ్లీ వదులుతుంది, ఇంకోటి ఇంటర్నెట్‌కి ఎక్కిస్తుంది. ఒక ప్రాంతంలో అందరిదీ ఒకటే ఫ్రీక్వెన్సీ, కాబట్టి ఊరికే ప్యాకెట్లు కుమ్మరిస్తే పక్కవాడిది పోతుంది. ఎవరు ఎంతసేపటికోసారి మాట్లాడాలి అన్న ఈ తగువే టెలికాం పుస్తకాల్లో సగం.

మీ కాకినాడ రేవు బయట లంగరేసిన ఓడలు ఏఐఎస్ అనే పద్ధతిలో తమ స్థానం చెప్పుకునేదీ దాదాపు ఇలాగే, వీహెచ్ఎఫ్ అనే రేడియో తరంగాల మీదే. విమానాలు తమ స్థానం చెప్పుకునే ఏడీఎస్-బీ కూడా ఈ కుటుంబమే. ఆ పరికరాలు చేసే కంపెనీలున్నాయి. ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రాం రాసే), ఆర్ఎఫ్ (రేడియో సర్క్యూట్ల) ఉద్యోగాలున్నాయి. పోలీసు శాఖలో కమ్యూనికేషన్స్ విభాగం ఉంది. ఇస్రో సంగతి వేరు, అక్కడ బీటెక్‌లో ఫస్ట్ క్లాస్‌తో పాటు 65 శాతం లేకపోతే అప్లికేషనే కదలదు. మీవాడు ఎప్పుడైనా ఆ మాట అంటే ఈ అంకె చూపించండి.

నేను మాక్ ఇంటర్వ్యూ చేసిన ఒక కుర్రాడు వాతావరణ స్టేషన్ కట్టానని రెజ్యూమేలో రాశాడు. 'మధ్యాహ్నం రెండింటికి ఊరంతా 38 ఉంటే నీది 45 ఎందుకు చూపిస్తోంది?' అని అడిగాను. సెన్సార్ నల్ల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పిట్టగోడకు మేకు కొట్టాడట, గోడ వేడిని కూడా కలిపి పంపుతున్నాడన్నమాట. అది తనే కనిపెట్టి, తెల్ల పళ్లేలు దొంతరగా పేర్చి నీడ కట్టి, ముందూ వెనకా గ్రాఫులు గీసి ఉంటే ఇంటర్వ్యూలో పావుగంట అతనే మాట్లాడేవాడు. మీవాడిని అలాంటి నోటుబుక్కు ఒకటి పెట్టమనండి. ఏం పాడైంది, ఎలా తెలిసింది, ఏం మార్చాడు, తేదీలతో సహా. ప్లేస్‌మెంట్ల నాటికి సర్టిఫికెట్ల కట్ట కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

పోయిన సబ్జెక్టులేవో మీరు రాయలేదు. సప్లిమెంటరీ అయ్యేదాకా రేడియో ఆదివారాలకే అని మాట తీసుకోండి, సెట్టు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేయకండి. వాటిలో ఒకటి సిగ్నల్స్ అయితే మాత్రం నాకు నవ్వొస్తుంది. ఆ బర్రుమనే చప్పుడులో ఉన్నది 1200, 2200 హెర్ట్జ్‌ల రెండు టోన్లు. దాన్ని రికార్డు చేసుకుని, పుస్తకంలో సిగ్నల్‌ని టోన్లుగా విడదీయడం చెప్పే ఫోరియర్ చాప్టర్ పక్కన పెట్టుకుని, ఏ టోను ఎక్కడ మారుతోందో గీయమనండి.