సందేహాలు – సమాధానాలు: ఒళ్ళు పట్టించుకోవడం

సందేహం: సంక్రాంతి సెలవుల్లో రైలులో కేరళలోని కోవళం వెళ్ళాం. బస చేసిన చోటే స్పా ఉంటే, ఒక సాయంత్రం గంటసేపు అరోమాథెరపీ మసాజ్ చేయించుకున్నాను. లెమన్‌గ్రాస్ నూనె వాడారు. ఇంటికొచ్చాక యాత్ర సంగతులు రాసుకుంటూ ‘సముద్ర తీరాన అరోమాథెరపీ మసాజ్‌ను ఆస్వాదించాను’ అని రాశాను. మా అక్క చదివి, ఇది తెలుగు కాదని ‘సుగంధ చికిత్సా మర్దనం పొందాను’ అని దిద్దింది. మా వారు ‘అభ్యంగనం’ అంటే సరిపోతుందన్నారు. స్పా వాళ్ళ కాగితాన్ని ఫోనులో తెలుగులోకి మార్చి చూస్తే ‘ముఖ్యమైన నూనెలతో’ అని వచ్చింది. వీటిలో ఏది సరి? మసాజ్ చేసిన ఆవిడను తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: మీ ఇంట్లో ముగ్గురూ తలొక మాట పట్టుకున్నారు. మూడూ నామవాచకాలే. ఆంగ్లంలో మసాజ్ నామవాచకం కనుక తెలుగులోనూ దానికి జోడు పేరొకటి ఉండి తీరాలని వెతుకుతాం. దొరక్కపోతే సంస్కృతం గడప తొక్కుతాం. ఈ పనికి తెలుగులో పేర్లు తక్కువేనని ఒప్పుకుంటాను. క్రియలు మాత్రం కొల్లలు. నూనె రాస్తాం, పూస్తాం, అంటుతాం, పట్టిస్తాం. ఆ పైన పాముతాం, రుద్దుతాం, నిమురుతాం, ఒత్తుతాం, పిసుకుతాం, తడతాం. ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలని నిఘంటువు తిరగేసేవాళ్ళు అనుకోవచ్చు కాని, చంటిబిడ్డకు లాల పోసిన నాయనమ్మ అనుకోదు. రాసిన నూనె ఒంటి పైన ఉంటుంది, పట్టించిన నూనె లోపలికి ఇంకుతుంది. పామేటప్పుడు అరచెయ్యి జారుతుంది. ఒత్తేటప్పుడు బొటనవేలు ఒకచోట నిలిచి దిగుతుంది. పిసికేటప్పుడు కండ పిడికిట్లోకి వస్తుంది. 

స్వీడిష్ మసాజ్ అని లోకమంతా పిలిచే పద్ధతిలో చేతి కదలికలకు ఫ్రెంచి పేర్లున్నాయి. ఎఫ్లూరాజ్, పెట్రిసాజ్, టపోట్‌మెంట్ వంటివి. వినడానికి గంభీరంగా ఉంటాయి గాని, మొదటిది మన పామడం, రెండోది పిసకడం, మూడోది తట్టడం. పెట్రిసాజ్ పుట్టుక వెతికితే రొట్టెల పిండి పిసకడం దగ్గర తేలుతుంది. అసలు మసాజ్ అన్న మాటకే రెండు పుట్టుకలు చెబుతారు. ముట్టుకోవడం అనే అర్థమున్న అరబ్బీ ‘మస్స’ నుంచి వచ్చిందని కొందరు, పిండి పిసకడం అనే అర్థమున్న పోర్చుగీసు ‘అమసార్’ నుంచి వచ్చిందని కొందరు. ఏది నిజమైనా మనకు కొత్త కాదు. తలంటులో ఉన్న ‘అంటు’ తాకడమే కదా!

ఇక మీ వాక్యం. నాకు ముచ్చట కలిగించిన సంగతి ఒకటుంది. నాకు ఉత్తరం రాస్తూ మీరు ‘చేయించుకున్నాను’ అన్నారు. యాత్రారచనకు కూర్చోగానే అది ‘ఆస్వాదించాను’ అయింది. మొదటిదే మంచి తెలుగు. చేసుకున్నాను అంటే నా చేత్తో నేనే. చేయించాను అంటే పనివారి చేత, బహుశా పిల్లవాడికి. చేయించుకున్నాను అంటే చెయ్యి ఒకరిది, ఒళ్ళు నాది. క్షవరం చేయించుకున్నాడు, కుట్లు వేయించుకున్నాడు, జాతకం చూపించుకున్నాడు, అన్నీ ఈ అచ్చులోవే. ‘ఇంచు’, ‘కొను’ అనే రెండు చిన్న తునకలతో తెలుగు ఇంత పని చేస్తుంటే ‘మసాజ్ తీసుకున్నాను’ అని ఎందుకు రాస్తారో నాకు బోధపడదు. మందు తీసుకుంటాం, సలహా తీసుకుంటాం. మసాజ్ తీసుకుని ఎక్కడ పెట్టుకుంటాం?

ఈ ‘కొను’తో కాస్త జాగ్రత్త కావాలి. కాళ్ళు పట్టాడంటే ఒత్తాడని. కాళ్ళు పట్టుకున్నాడంటే బతిమాలాడని. కాళ్ళు పట్టించుకున్నాడంటే ఎవరి చేతనో ఒత్తించుకున్నాడని. ఉత్త ‘పట్టించుకున్నాడు’ అంటే లక్ష్యపెట్టాడని. కనుక ‘కోవళంలో ఒళ్ళు పట్టించుకున్నాను’ అంటే నూనెతోనా, ఆరోగ్యం మీద శ్రద్ధతోనా అని తుంటరి పాఠకుడు అడగవచ్చు. వాక్యంలో నూనె మాట ఉంటే ఆ పేచీ రాదు.

‘ఆస్వాదించు’లో ఉన్నది ఆస్వాదం, అంటే రుచి చూడడం. మామిడిపండును ఆస్వాదిస్తాం, ఆ పోలికతో పద్యాన్నీ సంగీతాన్నీ ఆస్వాదిస్తాం. ఇప్పుడు ప్రకటనలవాళ్ళు గదిలోని ఏసీ మొదలు విమానంలో కిటికీ పక్క సీటు దాకా అన్నీ ఆస్వాదించమంటున్నారు. తప్పని కొట్టివేయను, అరిగిపోయింది అంటాను. సుఖాన్ని చెప్పేటప్పుడు తెలుగు వ్యక్తిని కర్తగా నిలబెట్టడానికి పెద్దగా ఇష్టపడదు. ‘నాకు హాయిగా ఉంది’, ‘నాకు ప్రాణం లేచి వచ్చింది’, ‘నా బడలిక తీరింది’ అంటాం. హాయి మనం పట్టి తెచ్చుకునేది కాదు, మనకు కలిగేది. బల్ల మీద బోర్లా పడుకుని, కదలక మెదలక ఉన్న మనిషిని కర్తను చేయడం న్యాయమా చెప్పండి.

మీ అక్కగారి ‘మర్దనం’ తప్పుమాట కాదు. అంగమర్దనం, తైలమర్దనం ఎప్పటినుంచో ఉన్నవే. తెలుగులో మర్దన అన్నా మర్దనం అన్నా సరే, చివర దీర్ఘమిచ్చి ‘మర్దనా’ అనడం మాత్రం అనవసరం. కాని ఈ ధాతువుకు చెయ్యి బరువు. మహిషాసుర మర్దినిలో, కాళీయ మర్దనంలో ఉన్నది అదే. ముందు ‘తైల’ అనో ‘అంగ’ అనో చేరిస్తే గాని అది మెత్తబడదు. ‘పొందాను’ అన్నది మాత్రం నాకు రుచించలేదు. పట్టా పొందుతాం, బహుమతి పొందుతాం. ఉర్దూ మీదుగా మనకు చేరిన పారసీక పదం ‘మాలిష్’ కూడా ఉంది. తాలింఖానాలో పహిల్వాన్లకూ, సాలలో గుర్రాలకూ చెల్లిన మాట అది. మీ సాయంత్రానికి అది కుదరదు.

మీ వారి ‘అభ్యంగనం’ సంగతి. దీని మూలం పూయడం అనే అర్థమున్న ‘అంజ్’ ధాతువు. కంటికి పెట్టే అంజనం దాని తోబుట్టువే. సంస్కృతంలో అభ్యంగం, అభ్యంజనం అని రెండు రూపాలు. మన వాడుకలో ‘అభ్యంగనం’ స్థిరపడింది. పండితులు కనుబొమలు ముడిచినా పండుగనాటి అభ్యంగన స్నానాన్ని ఎవరూ ఆపలేరు, నేనూ ఆపను. వాగ్భటుడు అష్టాంగహృదయమనే ఆయుర్వేద గ్రంథంలో ‘అభ్యంగమాచరేన్నిత్యం స జరాశ్రమవాతహా’ అన్నాడు. రోజూ నూనె అంటుకో, ముసలితనాన్నీ అలసటనూ వాతాన్నీ అది పోగొడుతుంది అని. తలకూ చెవులకూ పాదాలకూ మరీ ముఖ్యమని ఆ వెంటనే చెప్పాడు. విజయనగరం నుంచి కోవళం దాకా రైలులో కూర్చున్నవారికి ఆ ‘శ్రమ’ గురించి నేను వేరే చెప్పాలా? ఆ మేరకు మీ వారి మాటలో సగం న్యాయముంది. కాని మన అభ్యంగనం నూనెతో ముగిసిపోదు. నలుగు పెట్టాలి, వేడినీళ్ళు పోయాలి, తడి తల కింద సాంబ్రాణి పొగ వేయాలి. బావంచాలు, కచ్చూరాలు, వట్టివేళ్ళు వేసి కొట్టిన సున్నిపిండి వాసనతో మొదలై సాంబ్రాణితో ముగిసే తంతు అది. పార్వతీదేవి ఒంటి నలుగుపిండితో వినాయకుణ్ణి చేసిన కథ వింటూ పెరిగిన జాతికి అరోమాథెరపీ నేర్పడానికి ఎవరో రావలసి వచ్చింది చూడండి! 

పోనీ ‘తలంటు’ అందామా అంటే, పత్రికలవాళ్ళు దాని దారి మళ్ళించారు. ‘మంత్రి అధికారులకు తలంటారు’ అని శీర్షిక వస్తే అక్కడ నూనె ఉండదు, చీవాట్లు ఉంటాయి. ‘స్పాలో నాకు గంటసేపు తలంటారు’ అని రాస్తే, ఏం తప్పు చేశారని మీ అక్కగారు అడుగుతారు.

అరోమాథెరపీ అన్నది పెద్ద పాతమాటేమీ కాదు. గాట్‌ఫొస్సే అనే ఫ్రెంచి రసాయనవేత్త 1937లో తన పుస్తకానికి ఆ పేరు పెట్టాడు, అక్కడినుంచి లోకమంతా పాకింది. దాన్ని ‘సుగంధ చికిత్స’ అని మార్చడం మాటకు మాటగా సరిపోతుంది. కాని చికిత్స అంటే రోగం ఉండాలి. కేరళ వైద్యశాలల్లో నూనెలో ముంచిన గుడ్డను ఒంటి మీద పిండుతూ చేసే పిళిచ్చిల్‌నూ, నుదుటి మీద సన్నగా నూనె పోసే శిరోధారనూ చికిత్స అనవచ్చు. వైద్యుడు చూసి చెబితే చేసేవి అవి. మీరు సెలవుల్లో సరదాకు వెళ్ళారు. మీకు చికిత్స జరిగిందని రాస్తే చుట్టాలు బత్తాయిపళ్ళు పట్టుకుని పరామర్శకు వస్తారు.

మరి అరోమాకు ఏమందాం? ‘వాసన’ ఒకప్పుడు మంచిచెడులు రెంటికీ చెల్లేది. పూల వాసన అన్నప్పుడు ఇప్పటికీ చెల్లుతుంది, ‘గదిలో వాసన వస్తోంది’ అంటే మాత్రం ముక్కు మూసుకుంటాం. ‘కంపు’ది ఇంకా పాపం. పక్కనే కన్నడంలో కంపు అంటే నేటికీ పరిమళమే. మన దగ్గరికి వచ్చేసరికి కుళ్ళిపోయింది. ‘తావి’ చక్కని తెలుగు మాట, ‘బంగారానికి తావి అబ్బినట్టు’ అన్న సామెతలో భద్రంగా ఉంది. కవిత్వంలో బాగుంటుంది, స్పా బిల్లులో ఇమడదు. 

నా ఓటు ‘పరిమళం’కు. దీనికి నా దగ్గర గట్టి సాక్ష్యమే ఉంది. సంస్కృత నిఘంటువు అమరకోశం ‘విమర్దోత్థే పరిమలో గంధే జనమనోహరే’ అంటుంది. విమర్దం, అంటే నలపడం, రుద్దడం. రుద్దినప్పుడు పైకి లేచే మనోహరమైన గంధమే పరిమళం. గంధపు చెక్కను సాన మీద అరగదీయండి, మరువం రెమ్మను వేళ్ళ మధ్య నలపండి, అప్పుడు వచ్చేది పరిమళం. మర్దనలో ఉన్న ధాతువే విమర్దంలోనూ ఉంది. అంటే ‘పరిమళ మర్దనం’ అన్నప్పుడు ఆ రెండు మాటలూ కొత్తగా జతకట్టలేదు, పాత చుట్టాలే కలుసుకున్నాయి. మీకు నామవాచకమే కావాలంటే, అధ్యాయానికి శీర్షికగానో మరోచోటనో, ఇది వాడండి. అదే శ్లోకంలో అమరసింహుడు బాగా దూరం వ్యాపించే పరిమళానికి ‘ఆమోదం’ అని పేరు పెట్టాడు. ఇవాళ ఆ మాట శాసనసభలో బిల్లుల పాలయింది. పరిమళం ఇంకా చేజారలేదు, వాడుకుందాం.

ఫోను చెప్పిన ‘ముఖ్యమైన నూనెలు’ చూసి నవ్వుకున్నాను. ఆంగ్లంలో వాటి పేరు ఎసెన్షియల్ ఆయిల్స్. అక్కడి ఎసెన్షియల్‌కు ముఖ్యమని గాని అవసరమని గాని అర్థం కాదు. ఎసెన్స్ అంటే సారం, మొక్క నుంచి ఆవిరి పట్టి దించిన సారం. ఆ మాటకొస్తే అది వంటనూనె లాంటి నూనె కూడా కాదు. కాగితం మీద చుక్క వేస్తే జిడ్డు మరక నిలవకుండా చాలావరకు ఎగిరిపోతుంది. అందుకే దాన్ని నేరుగా ఒంటికి పట్టించరు, కొబ్బరినూనెలోనో బాదం నూనెలోనో కొద్ది చుక్కలు కలుపుతారు. తిలల నుంచి వచ్చింది తైలం, నువ్వుల నెయ్యి నూనె అయింది. రెండు మాటల్లోనూ నువ్వులే ఉన్నాయి కనుక లావెండర్ తైలం అనరాదని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆ లెక్కన కొబ్బరినూనె కూడా అనకూడదు. సంస్కృతంలోనే ఆముదానికి ఏరండతైలం, ఆవనూనెకు సర్షపతైలం ఉన్నాయి. పైగా జలుబు చేస్తే మనం పీల్చే నీలగిరి తైలం ఏమిటి? అచ్చంగా ఈ ఎసెన్షియల్ ఆయిలే. ఆ పేరు మనం ఏ పండితుణ్ణీ అడగకుండా పెట్టుకున్నాం, ఎంత బాగుందో చూడండి. అదే బాటలో లావెండర్ తైలం, నిమ్మగడ్డి తైలం అనండి. మీ లెమన్‌గ్రాస్ నిమ్మగడ్డే. ఆ జాతినంతటినీ కలిపి చెప్పాలంటే పరిమళ తైలాలు.

స్పాను స్పాగానే ఉంచండి. బెల్జియంలో స్పా అనే ఊరుంది, ఖనిజ జలాల ఊటలకు పేరు. రష్యా చక్రవర్తి పీటర్ 1717లో అక్కడి నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. ఆ ఊరిపేరే ఆంగ్లంలో సామాన్యనామమైంది. నీటితో ఆరోగ్యం అనే అర్థం వచ్చే మూడు లాటిన్ మాటల పొడి అక్షరాలు కలిపితే స్పా అయిందన్న కథ ఒకటి తిరుగుతోంది, అది తరవాత అల్లినది. ఊరిపేరుకు తెలుగు చేయం కదా. స్పాలో, స్పాకు, స్పాలు అని మన విభక్తులు హాయిగా అతుకుతున్నాయి.

మాట అరువు తెచ్చుకున్నామని చిన్నబోకండి, ఈ విషయంలో ఆంగ్లమే మన దేశానికి బాకీ. షాంపూ అన్నది హిందీ ‘చాంపో’, ఒత్తు, పిసుకు అని. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 1814లో ఇంగ్లండులోని బ్రైటన్ చేరి, మూలికల ఆవిరిస్నానంతో పాటు ఒళ్ళు పట్టే స్నానశాల నడిపాడు. రాజుగారికి ‘షాంపూయింగ్ సర్జన్’ అనే బిరుదుతో కొలువు చేశాడు. అప్పటికి షాంపూ అంటే మసాజే, తల కడుక్కోవడం తరవాతి అర్థం. మీరు కోవళంలో చేయించుకున్నది, ఆ కాలపు ఆంగ్లంలో, షాంపూ!

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘సాయంత్రం స్పాలో నిమ్మగడ్డి తైలంతో ఒళ్ళు పట్టించుకున్నాను. రైలు బడలిక తీరింది. రాత్రి దిండు మీద కూడా ఆ పరిమళం వదలలేదు.’ మసాజ్ అనే మాట ఉంచుకోవాలనిపిస్తే ‘మసాజ్ చేయించుకున్నాను’ అనండి, మీ అక్కగారికి నేను సర్దిచెబుతాను.

ఇక ఆవిడను ఏమనాలన్నది. సంస్కృతంలో సంవాహకుడు అనే మాట ఉంది. మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకంలో నాయకుడు చారుదత్తుడి దగ్గర ఒళ్ళు పట్టే కొలువు చేసి, జూదంలో చెడి, చివరికి బౌద్ధ భిక్షువైన పాత్రకు అదే పేరు. దాన్ని పట్టి ‘సంవాహిక’ అని ఎవరైనా సూచించవచ్చు, మీరు వినకండి, విమానాశ్రయంలో సామాను మోసే పట్టాలా ఉంది. బాలింతకూ బిడ్డకూ నూనె రాసి నీళ్ళు పోసే ఆవిడను మన ఇళ్ళలో వరస పెట్టి పిలిచారు. మలయాళంలో ‘చేచి’ అంటే అక్క. ‘ఒళ్ళు పట్టిన చేచి’ అని రాయండి.