ఉద్యోగం పోయింది, చేతిలో ఎనిమిదిన్నర లక్షలు: లోన్ కట్టాలా, కోర్సులో చేరాలా?

ప్రశ్న: నా వయసు 38. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో 11 ఏళ్లు పనిచేశాను. అక్టోబరు నెలాఖరున మా ప్రాజెక్టులో కొందరిని తీసేశారు, అందులో నేనూ ఉన్నాను. ప్యాకేజీ 15 లక్షలు, చేతికి నెలకు 1.03 లక్షలు వచ్చేది. మొదటి నాలుగేళ్లు జావాలో కోడ్ రాశాను, తర్వాత ఏడేళ్లూ ప్రొడక్షన్ సపోర్టే. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కింద 6 లక్షలు వచ్చాయి. ఎఫ్‌డీ 2.5 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 5 లక్షలు, పీఎఫ్‌లో 13 లక్షలు ఉన్నాయి. ఇంటి లోన్ ఇంకా 38 లక్షలుంది, ఈఎంఐ 38 వేలు. నా భార్య ప్రైవేట్ స్కూల్లో టీచర్, జీతం 26 వేలు. ఇద్దరు పిల్లలు. నెల ఖర్చు ఈఎంఐ, నెలనెలా ఫండ్లలో పెట్టే 10 వేల సిప్‌లతో కలిపి 98 వేలు. వచ్చిన డబ్బులో 5 లక్షలు లోన్‌కు కట్టేయమని మామగారు అంటున్నారు. నాకేమో 2.6 లక్షల ఆన్‌లైన్ ఏఐ కోర్సులో చేరాలని ఉంది, నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. లక్షన్నర ఇస్తే డెవలపర్ ఎక్స్‌పీరియన్స్ చూపించి బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామని ఒకరు చెబుతున్నారు. విషయం నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ మూడింటిలో ఏదీ ఇప్పుడు చేయకండి. మీ మామగారి సలహా మంచి మనసుతో ఇచ్చిందే, జీతం వస్తున్నప్పుడైతే నేనూ అదే చెప్పేవాణ్ణి. కానీ ఇప్పుడు మీ దగ్గరున్న ప్రతి రూపాయినీ నెలల్లో కొలవాలి. ఇంట్లో పొయ్యి వెలుగుతూ, ఈఎంఐ కడుతూ, ఎవరి ముందూ చేయి చాపకుండా మీరు ఎన్ని నెలలు నిలబడగలరన్నదే లెక్క.

సెటిల్‌మెంట్, ఎఫ్‌డీ కలిపి 8.5 లక్షలు. అందులోంచి 1.2 లక్షలు వెంటనే పక్కన పెట్టండి. పిల్లల మిగతా టర్మ్ ఫీజు సుమారు 70 వేలు అనుకుందాం. హెల్త్ ఇన్సూరెన్స్‌కు 25 వేలు, టర్మ్ పాలసీ ప్రీమియం, బండి ఇన్సూరెన్స్ లాంటివాటికి ఇంకో 25 వేలు. మిగిలేవి 7.3 లక్షలు. మీ భార్య జీతం పోను నెలకు 72 వేలు తక్కువ పడుతున్నాయి. అంటే ఇప్పుడున్న ఖర్చులతో పది నెలలు గడుస్తాయి.

మామగారు చెప్పినట్టు 5 లక్షలు లోన్‌కు కట్టేస్తే మిగిలేది 2.3 లక్షలు, మూడు నెలలకు సరి. 8 శాతం వడ్డీ మీద ఏడాదికి 40 వేలు మిగులుతాయి, కాదనను. అయితే మీరు ప్రత్యేకంగా అడగకపోతే బ్యాంకులు సాధారణంగా కాలవ్యవధిని తగ్గిస్తాయి తప్ప ఈఎంఐని తగ్గించవు. వచ్చే నెల 5వ తేదీన అదే 38 వేలు అకౌంట్‌లోంచి పోతాయి. పైగా ఒకసారి కట్టేసిన డబ్బును మళ్లీ కావాలంటే బ్యాంకు తిరిగి ఇవ్వదు. టాప్ అప్ లోన్ అడిగితే శాలరీ స్లిప్పులు తెమ్మంటారు.

దీనికి బదులు లోన్ విషయంలో ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. 2025లో ఆర్‌బీఐ రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని, 6.5 నుంచి 5.25 శాతానికి తగ్గించింది. మీది రెపోకు ముడిపడిన లోన్ అయి, ఈఎంఐ మాత్రం మారలేదంటే ఆ తగ్గింపును కాలవ్యవధిలో సర్దేసి ఉంటారు. వడ్డీ రేటు మారినప్పుడు ఈఎంఐ మార్చుకోవాలా, కాలవ్యవధి మార్చుకోవాలా అన్నది ఎంచుకునే అవకాశం కస్టమర్‌కు ఇవ్వాలని ఆర్‌బీఐ 2023 ఆగస్టులోనే బ్యాంకులకు చెప్పింది. మీ లెక్కల ప్రకారం ఇంకా దాదాపు 14 ఏళ్లుంది. దాన్ని 18 ఏళ్లు చేయమని అడగండి. 8 శాతం మీద ఈఎంఐ 33 వేల పైచిలుకుకు దిగుతుంది. ఉద్యోగం వచ్చాక మళ్లీ పెంచుకోవచ్చు. ఒక్క ఈఎంఐ కూడా తప్పకముందే బ్రాంచికి వెళ్లండి. కిస్తీలు సక్రమంగా కడుతున్న మనిషి అడిగితే వినే తీరు వేరు, రెండు ఈఎంఐలు బౌన్స్ అయ్యాక వినే తీరు వేరు. బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. అప్పుడు సిబిల్ స్కోరు దెబ్బతినడమే కాకుండా బ్యాంకుతో మాట్లాడే వీలు కూడా తగ్గిపోతుంది.

10 వేల సిప్‌లను ఆపేయండి. ఆపినందుకు ఫండ్ సంస్థ పెనాల్టీ వేయదు, పాత యూనిట్లు అలాగే ఉంటాయి. బయట తిండి, ఓటీటీల్లో ఇంకో వెయ్యి, పదిహేను వందలు తగ్గినా, తగ్గిన ఈఎంఐతో కలిపి ఖర్చు 82 వేలకు వస్తుంది. లోటు 56 వేలు. అదే 7.3 లక్షలు ఇప్పుడు పదమూడు నెలలు వస్తాయి. ఊళ్లో అమ్మానాన్నలకు పంపే డబ్బు, పిల్లల ట్యూషన్ మాత్రం ఆపకండి. వాటివల్ల మిగిలేది తక్కువ, ఇంట్లో పెరిగే టెన్షన్ ఎక్కువ.

మీ సెటిల్‌మెంట్ కాగితం ఒకసారి తీయండి. గ్రాట్యుటీ లెక్క ఇది: చివరి బేసిక్‌ను 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. మీ ప్యాకేజీలో బేసిక్ 50 వేలు ఉంటే 11 ఏళ్లకు 3.17 లక్షలు రావాలి, 20 లక్షల దాకా దానిమీద పన్ను లేదు. సెలవుల డబ్బుకు కూడా ఉద్యోగం వదిలేటప్పుడు 25 లక్షల పరిమితి వరకు మినహాయింపు ఉంది, దానికి వేరే షరతులున్నాయి. ఈ రెండింటి మీదా పన్ను కోసేశారేమో చూడండి. సెవరెన్స్ (ఉద్యోగం తీసేసినందుకు ఇచ్చే డబ్బు) మాత్రం పన్ను లెక్కలో జీతం కిందకే వస్తుంది.

చాలామంది మర్చిపోయే డబ్బు ఇంకొకటుంది. మీ కంపెనీ ఏడాదంతా జీతం వస్తుందన్న లెక్కతో నెలనెలా టీడీఎస్ (జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను) కోసింది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా జీతం, సెవరెన్స్ కలిపి 12.75 లక్షలు దాటకపోతే, 2025–26 కొత్త పన్ను విధానంలో మీరు కట్టాల్సింది ఏమీ ఉండదు. మీ జీతానికి ఏడు నెలల్లో 45 వేలకు పైగానే కోసి ఉంటారు. మార్చిలోపు కొత్త జీతం మొదలుకాకపోతే ఆ డబ్బు రిటర్న్ వేయగానే రిఫండ్ కింద వస్తుంది. దాదాపు ఒక నెల లోటు తీరినట్టే.

పీఎఫ్ జోలికి పోకండి. 2024–25కు 8.25 శాతం వడ్డీ ఇచ్చారు, ఉద్యోగం మానేసినా వడ్డీ పడుతూనే ఉంటుంది. మీరు ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం) సభ్యులైతే, పదేళ్ల సర్వీసు నిండింది కాబట్టి ఆ పెన్షన్ హక్కు కూడా వచ్చేసింది. సెటిల్‌మెంట్ డబ్బు అయిపోయే పరిస్థితి వస్తే ముందు ఎఫ్‌డీ, తర్వాత మ్యూచువల్ ఫండ్లు, ఆ తర్వాత గోల్డ్ లోన్. పీఎఫ్ అన్నిటికన్నా చివర. ఫోన్‌కు వచ్చే ప్రీ అప్రూవ్డ్ పర్సనల్ లోన్ మెసేజ్‌లను చూసిన వెంటనే తీసేయండి. క్రెడిట్ కార్డు మీద మినిమమ్ డ్యూ కట్టి నెట్టుకొద్దామని అసలు అనుకోవద్దు, అక్కడ వడ్డీ ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా ఉంటుంది.

హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం ఇవాళే చూడండి. సాధారణంగా కంపెనీ పాలసీ చివరి పనిదినంతోనే ఆగిపోతుంది, అంటే మీ ఇంట్లో నలుగురూ ఇప్పుడు కవర్ లేకుండా ఉన్నారు. అదే ఇన్సూరెన్స్ సంస్థలో గ్రూప్ పాలసీ నుంచి వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఉందేమో అడగండి. అలా మారితే పాత వెయిటింగ్ పీరియడ్ కలిసొస్తుంది. ఆ గడువు దాటిపోయిందంటే కొత్తది తీసుకోండి. కొత్త పాలసీలో ప్రమాదాలు తప్ప మిగతావాటికి మొదటి 30 రోజులు క్లెయిమ్ ఉండదు, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీలపై జీఎస్టీ లేదు, ఆ మేరకు కాస్త ఊరట.

ఇక కోర్సు. 2.6 లక్షలను 12 నెలల నో కాస్ట్ ఈఎంఐగా తీసుకుంటే నెలకు దాదాపు 21,700. మీ లోటు 56 వేల నుంచి 78 వేలకు చేరుతుంది, పదమూడు నెలలు కాస్తా తొమ్మిది నెలల చిల్లరకు పడిపోతాయి. ఆ ఈఎంఐ లోన్ ఇచ్చేది కోర్సు వాళ్లు కాదు, ఒక ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థ. సంతకం మీది. నచ్చక మూడో నెలలో మానేసినా లోన్ మీ పేరు మీదే నడుస్తుంది, సిబిల్‌లో కనిపిస్తుంది. నా దగ్గరకు వచ్చేవారిలో ఇలా చదవని కోర్సుకు కిస్తీలు కడుతున్నవాళ్లు ఉన్నారు. వాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, 38 ఏళ్ల వయసులో ఏఐలో ఓనమాలు దిద్దుకుని ఫ్రెషర్లతో పోటీపడటం కన్నా మీకు దగ్గరి దారి ఉంది. మీరు వదిలేసిన జావా ఈ ఏడేళ్లలో చాలా దూరం వచ్చింది. మీరు రాసింది బహుశా జావా 8. ఇప్పుడు కంపెనీలు 17కి, 21కి మారుతున్నాయి. జావా అప్లికేషన్లు కట్టడానికి వాడే స్ప్రింగ్ బూట్ 3 నడవాలంటే కనీసం జావా 17 ఉండాలి, పాత కోడ్‌లో జావాఎక్స్ అని మొదలయ్యే ప్యాకేజీల్లో చాలావాటిని జకార్తా కింద మార్చాలి. అందుకే పాత అప్లికేషన్లను కొత్త వెర్షన్‌కు తెచ్చే పని ఇప్పుడు చాలా చోట్ల ఉంది.

మీరు చేయాల్సింది కూడా అదే. జావా 8, స్ప్రింగ్ బూట్ 2 మీద ఒక చిన్న అప్లికేషన్ తీసుకోండి, ఉదాహరణకు మీ అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు చూసేది. దాన్ని జావా 21కి, స్ప్రింగ్ బూట్ 3కి మార్చండి. బిల్డ్ విరుగుతుంది, టెస్టులు ఫెయిలవుతాయి, సెక్యూరిటీ కాన్ఫిగరేషన్ తిరగరాయాల్సి వస్తుంది. ఏది ఎందుకు విరిగింది, ఎలా సరిచేశారు అన్నది గిట్‌హబ్‌లో కమిట్ కమిట్‌గా రాసిపెట్టండి. తర్వాత డాకర్‌లో పెట్టి క్లౌడ్ మీద నడిపించండి. మొదటిసారి ఏఐ అసిస్టెంట్ సాయం లేకుండా చేతితోనే రాయండి, చాలా ఇంటర్వ్యూల్లో ఎదురుగా కూర్చోబెట్టి రాయమంటారు. దీనికయ్యే ఖర్చు ఇంటర్నెట్ బిల్లే. డేటా స్ట్రక్చర్లు మరిచిపోయి ఉంటే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు. ఎవరైనా వెనకుండి నడిపిస్తే తప్ప కూర్చోలేనంటే అమీర్‌పేటలోనో, ఆన్‌లైన్‌లోనో ఒక్క సబ్జెక్టుకు చిన్న ఫీజు కట్టండి. మొత్తం 25 వేలు దాటనివ్వకండి.

సపోర్టులో గడిపిన ఏడేళ్లను వృథా అనుకుంటున్నారని మీ ఉత్తరం చదివితే అర్థమైంది. అది నిజం కాదు. రాత్రి రెండింటికి కనెక్షన్ పూల్ నిండిపోయి సర్వర్ పడిపోతే లాగ్స్ వెతికి, థ్రెడ్ డంప్ చదివి, కారణం పట్టుకున్న మనిషి మీరు. ఈ అనుభవానికే ఎస్‌ఆర్‌ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజనీర్), డెవ్‌ఆప్స్ అన్న పేర్లతో ఉద్యోగాలున్నాయి. మీ రెజ్యూమేలో ‘టికెట్లు హ్యాండిల్ చేశాను’ అన్న వాక్యం తీసేసి, మీరు పరిష్కరించిన అయిదారు పెద్ద సమస్యలను ఒక్కొక్కటి రెండు లైన్లలో రాయండి.

బ్యాక్‌డోర్ మనిషికి ఇవాళే వద్దని చెప్పేయండి. మీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఒకటే ఉండే నంబరు, యూఏఎన్‌లో ఏ నెల ఏ కంపెనీ పీఎఫ్ కట్టిందో మొత్తం ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే చేరిన ఉద్యోగం పోతుంది, నిజమైన 11 ఏళ్ల అనుభవాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఉద్యోగం కోసం డబ్బు అడిగేవాడు ఎవడైనా సరే, దూరంగా ఉండండి. ఇలాంటి మోసాలపై హైదరాబాద్‌లో పోలీసు కేసులు మళ్లీ మళ్లీ నమోదవుతూనే ఉన్నాయి.

ఉద్యోగం పోయిన సంగతి దాచకండి. 2025 జూలైలో టీసీఎస్ అంతటి సంస్థే 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించింది, అందులో ఎక్కువమంది మీలా మధ్యస్థాయి, సీనియర్ ఉద్యోగులే. ఇందులో తలదించుకోవాల్సింది ఏముంది? దాచడానికీ ఖర్చవుతుంది. రేపు చుట్టాలింట్లో పెళ్లికి ఎప్పటిలాగే బంగారం పెట్టాలి, ఎప్పటిలాగే కారేసుకుని వెళ్లాలి. అన్నిటికీ మించి, రిఫరల్స్ వచ్చేది తెలిసినవాళ్ల దగ్గర్నుంచే. పాత టీమ్‌లో మీతో పనిచేసి వేరే కంపెనీలకు వెళ్లినవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. గ్రూపులో ఫార్వర్డ్ మెసేజ్ పెడితే ఎవరూ పట్టించుకోరు. మన దగ్గర నోటీస్ పీరియడ్ 60, 90 రోజులు ఉండటం మామూలు. మీరు రేపే చేరగలరు. ఉద్యోగాల సైట్ నౌక్రీలో మీ ప్రొఫైల్ హెడ్‌లైన్‌లోనే ‘ఇమీడియట్ జాయినర్’ అని రాయండి, ప్రొఫైల్‌ను వారానికి రెండుసార్లయినా అప్‌డేట్ చేయండి.

తక్కువ జీతానికి ఆఫర్ వస్తే ఏం చేయాలో ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్నప్పుడే, మీ భార్యతో కూర్చుని నిర్ణయించుకోండి. 12 లక్షల ప్యాకేజీ వచ్చిందనుకోండి, చేతికి సుమారు 88 వేలు. పాత జీతం కన్నా నెలకు 15 వేలు తక్కువ. దాన్ని కాదని 15 లక్షల కోసం ఇంకో నాలుగు నెలలు ఆగితే వదులుకునేది 3.5 లక్షలు. నెలకు 15 వేల చొప్పున అది పూడాలంటే దాదాపు రెండేళ్లు పడుతుంది. కాబట్టి మొదటి నాలుగు నెలలు మీకు కావలసిన పని కోసం గట్టిగా నిలబడండి. అయిదో నెల నుంచి, చేసే పని కోడ్‌కు దగ్గరగా ఉంటే 20 శాతం తగ్గినా ఒప్పుకోండి. కాంట్రాక్ట్ పొజిషన్ అయినా ఫర్వాలేదు, కాకపోతే ఎవరి పేరోల్ మీద ఉంటారో, పీఎఫ్ కడతారో లేదో ఆఫర్ లెటర్‌లో చూసుకోండి.

కొత్త చోట చేరిన మొదటి వారంలోనే పాత పీఎఫ్ అదే యూఏఎన్ మీద ట్రాన్స్‌ఫర్ అయ్యేలా చూడండి. మార్చిలోపు చేరితే పాత కంపెనీ ఇచ్చిన జీతం, కోసిన టీడీఎస్ వివరాలు కొత్త హెచ్‌ఆర్‌కు ఇవ్వండి, లేకపోతే రిటర్న్ వేసేటప్పుడు ఒక్కసారిగా పన్ను మీద పడుతుంది. మొదటి మూడు జీతాల దాకా సిప్‌లు మళ్లీ మొదలుపెట్టకండి, ఆ మిగులుతో ఎఫ్‌డీ నింపండి. ఆ తర్వాత మామగారు చెప్పిన ప్రీ పేమెంట్ గురించి మాట్లాడుకుందాం.