తాతయ్య జేబులో బోర్డు హైదరాబాద్ చూపిస్తోంది

ప్రశ్న: సార్, మాది విజయవాడ వన్‌టౌన్, కొత్తపేట. బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా తాతయ్యకు మతిమరుపు. సాయంత్రం కాళేశ్వరరావు మార్కెట్ వైపు వెళ్లి దారి తప్పుతున్నారు. వైఫై ఉన్న చిన్న ఈఎస్‌పీ32 బోర్డుకు సిమ్ మాడ్యూల్ కలిపి ఆయన జేబులో పెట్టాను. చుట్టుపక్కల వైఫైల్లో అన్నిటికన్నా బలంగా అందేదాని అడ్రస్‌ను, వైఫైలను బట్టి మనమున్న చోటు చెప్పే గూగుల్ జియోలొకేషన్ ఏపీఐకి పంపేలా కోడ్ రాశాను. ఆయన మా సందు చివరే ఉన్నా హైదరాబాద్ అని వస్తోంది. జీపీఎస్ మార్కెట్ లోపల అందడం లేదు. ఏం చేయాలి?

జవాబు: బాబూ, బోర్డు మార్చక్కర్లేదు. మీరు ఒక్క వైఫై పంపుతున్నారు, చిక్కంతా అక్కడే. గూగుల్‌కు కనీసం రెండు కావాలి. అద్దె ఇల్లు మారినవాళ్లు రూటర్‌ను కూడా గుంటూరు పట్టుకుపోతారు కాబట్టి ఒక్కదాని మాట నమ్మడానికి వీల్లేదు. రెండు లేనప్పుడు అది మీ సిమ్ ఐపీ అడ్రస్ (నెట్‌లో దాని చిరునామా) చూసి ఊరు చెబుతుంది. ఆ ఐపీ హైదరాబాద్ పేరున ఉంటే హైదరాబాదే వస్తుంది.

గూగుల్ పంపే జవాబులో అక్షాంశ రేఖాంశాల పక్కనే అక్యురసీ అని ఒక అంకె ఉంటుంది. ముందు దాన్ని చూడండి. అది మీటర్లలో ఉంటుంది. తాతయ్య ఆ వ్యాసార్థంలో ఎక్కడైనా ఉండొచ్చని దానర్థం. 40 అని వస్తే వెంటనే బయల్దేరొచ్చు. 20,000 అని వస్తే ఆ చుక్కను పట్టించుకోకండి. పంపేటప్పుడే ‘కన్సిడర్ ఐపీ’ (ఐపీని లెక్కలోకి తీసుకోవాలా అనే సెట్టింగ్)ని ఫాల్స్ చేయండి. అప్పుడు తెలియకపోతే 404, అంటే దొరకలేదని వస్తుంది. ఇంట్లోవాళ్లు టెన్షన్‌లో ఉన్నప్పుడు తప్పు ఊరు చూపించే కన్నా తెలియదని చెప్పడమే మేలు.

ఇక స్కాన్‌లో దొరికినవన్నీ, ఒక్కోదాని సిగ్నల్ బలంతో సహా పంపండి. అయితే ముందు ఒక వడపోత ఉండాలి. మార్కెట్‌లో బలంగా తగిలేది చాలాసార్లు పక్కన నడిచే మనిషి ఫోన్ హాట్‌స్పాట్. మ్యాక్ అడ్రస్‌లో (మీరు పంపే వైఫై అడ్రస్ అదే) రెండో అక్షరం 2, 6 లేదా ఇంగ్లిష్ ఎ, ఇ అయితే అది తయారీదారు ఇచ్చిన అడ్రస్ కాదు, పరికరం తానే పెట్టుకున్నది. హాట్‌స్పాట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. వాటిని తీసేయండి.

మీ చేతిలో ఇంకో మంచి అవకాశం ఉంది. తాతయ్య తిరిగేది నాలుగు వీధుల్లోనే కదా! ఫోన్‌లో జీపీఎస్ ఆన్ చేసి, ఆకాశం బాగా కనిపించే చోట్ల ఆగుతూ ఆ వీధులన్నీ నడవండి. ఎక్కడ ఏ రూటర్ ఎంత బలంగా అందిందో రాసుకుంటే సొంత పట్టిక తయారవుతుంది. తర్వాత బోర్డుకు వినిపించిన రూటర్ల స్థానాలకు వెయిటెడ్ యావరేజ్ తీయడమే, అంటే బలంగా అందినదానికి ఎక్కువ బరువిచ్చి సగటు తీయడం. సిగ్నల్ బలాన్ని డీబీఎంలో కొలుస్తారు, మైనస్ 50కీ, మైనస్ 80కీ శక్తిలో తేడా 1000 రెట్లు. బరువు కోసం పదిని డీబీఎం బై 10 ఘాతానికి పెంచితే లెక్కంతా ఒక్క రూటర్ దగ్గరే అతుక్కుపోతుంది. బై 20 పెట్టండి, తేడా సుమారు 32 రెట్లకు దిగుతుంది, మిగతా రూటర్ల మాటకూ విలువ ఉంటుంది. ఎంత చేసినా ఇరుకు సందుల్లో ఒక వీధి అటూ ఇటూ కావచ్చు. అందుకే మ్యాప్‌లో చుక్క కాకుండా వలయం గీయండి.

నెట్‌లో దొరికే పాత కోడ్‌లో, ఇలాగే వైఫైతో చోటు చెప్పిన మొజిల్లా లొకేషన్ సర్వీస్ చిరునామా ఉంటే వదిలేయండి, అది 2024లో మూతపడింది.

లిథియం బ్యాటరీని ఉత్తగా జేబులో వేయకండి, గట్టి డబ్బాలో పెట్టండి. మీ ఫోన్ నంబరు రాసిన కార్డు కూడా ఆ జేబులోనే ఉండాలి. ఛార్జింగ్ అయిపోయిన రోజు కొట్టువాళ్లెవరో చూసి ఫోన్ చేస్తారు.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. మా ఇంటి వైఫై కూడా గూగుల్ లాంటివాళ్ల దగ్గరుండే ఇలాంటి పట్టికల్లో ఉంటుందా? తీయించుకోవచ్చా?

జవాబు: ఉండే అవకాశం ఎక్కువేనమ్మా. మీ వీధిలో వెళ్లే ఫోన్లు రూటర్ చాటుకునే అడ్రస్‌ను, తామున్న చోటును కలిపి పంపుతుంటాయి. దానికి మీ పాస్‌వర్డ్‌తో పనిలేదు. వద్దనుకుంటే రూటర్ సెట్టింగ్స్‌లో వైఫై పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి, వెంటనే ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ‘నోమ్యాప్’ (_nomap) అని చేర్చండి. గూగుల్ 2011 నుంచి దీన్ని పాటిస్తోంది, యాపిల్ కూడా పాటిస్తుంది. పేరు మార్చాక ఇంట్లో ఫోన్లు, టీవీ అన్నీ కొత్త పేరుతో మళ్లీ కనెక్ట్ చేసుకోవాలి.