పాలసీ తర్వాత, ముందు పే స్లిప్పు చూడండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గర కాంట్రాక్టర్ కింద సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నాను. జీతం 17,500. పీఎఫ్‌కు 1,800, ఈఎస్ఐకి 132 పట్టుకుని చేతికి 15,568 ఇస్తారు. ఈఎస్ఐ కార్డు మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. నా భార్య అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసి 8,000 తెస్తుంది. ఆమె గర్భసంచి ఆపరేషన్‌కు నూటికి మూడు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చాను. నెలకు 1,500 కడితే పొదుపు, బీమా రెండూ కలిసొస్తాయని ఒక ఏజెంట్ అంటున్నారు. చేరమంటారా?

జవాబు: వద్దండీ. మీ అప్పుకు వడ్డీయే నెలకు 1,800. ఏడాదికి 36 శాతం వడ్డీ కడుతూ, ఆరు శాతం రావడమే గగనమైన పాలసీలో డబ్బు దాచుకోవడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

అసలు ఆ అప్పు చేయాల్సిన అవసరమే మీకు లేదు. మీ 132కు కాంట్రాక్టర్ మరో 569 కలిపి ఈఎస్ఐకి కట్టాలి. ఆ డబ్బుతో మీకే కాదు, మీ భార్యాపిల్లలకూ ఉచితంగా వైద్యం అందాలి. రాజాజీనగర్ ఈఎస్ఐ ఆసుపత్రి మీకు ఊరికి ఆ చివర, నిజమే. అక్కడ వరుసల్లో నిలబడాలి, నాలుగుసార్లు తిరగాలి. అయినా మూడు రూపాయల వడ్డీ కంటే ఆ తిరుగుడే నయం.

పే స్లిప్పులో పది అంకెల ఈఎస్ఐ నంబరు, పన్నెండు అంకెల యూఏఎన్ (పీఎఫ్ నంబరు) ఉన్నాయేమో చూడండి. ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే నెలనెలా జమ పడుతోందో లేదో తెలుస్తుంది. పడకపోతే కాంట్రాక్టర్‌తో గొడవకు దిగి ఉద్యోగం మీదకు తెచ్చుకోకండి. పే స్లిప్పుల జిరాక్సులతో పీఎఫ్, ఈఎస్ఐ కార్యాలయాల్లో ఫిర్యాదు ఇవ్వండి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే, పని చేయించుకుంటున్న కంపెనీయే కట్టాలి. పీఎఫ్‌లో నామినీగా భార్య పేరు నమోదు చేయించండి. ఉద్యోగంలో ఉండగా మీరు చనిపోతే కుటుంబానికి 7 లక్షల వరకు బీమా అందులోనే ఉంది. ఈ సంగతి ఏజెంట్ చెప్పరు, కమీషన్ రాదు కదా!

మీ భార్య పని మీద మాత్రం పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. మంచాన పడితే ఆ నెల ఆదాయం పోయినట్లే. ఉచిత బస్సు కూడా కర్ణాటక చిరునామా ఉన్న మహిళలకే. ఆమెకు బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, వయసు 50 దాటకపోతే 436 రూపాయల జీవిత బీమా తీసుకోండి. ఒక్కో బీమాకు 2 లక్షలు. మీ ఆంధ్ర రేషన్ కార్డు మీద కేంద్రం ఇచ్చే బియ్యం బెంగళూరు రేషన్ దుకాణంలోనే తీసుకోవచ్చు.

ఇక అప్పు. సరిపడా నగ ఉంటే బ్యాంకులో కుదువ పెట్టి దీన్ని ఒక్కసారే తీర్చేయండి. అక్కడ వడ్డీ నూటికి రూపాయి లోపే. ఇప్పుడు కడుతున్న 1,800, ఏజెంట్‌కు ఇవ్వాలనుకున్న 1,500 కలిపి బ్యాంకులో కడితే రెండేళ్లలోపే నగ ఇంటికొస్తుంది. నగ లేకపోతే, ఆ 1,500 నెలనెలా అసలుకే జమ వేయమనండి, వేసినట్లు రాయించుకోండి.