ఫీజు కట్టే ముందు చివరి అసైన్‌మెంట్ చూడండి

ప్రశ్న: మిర్యాలగూడలో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాను. డేటా అనలిస్ట్ ఉద్యోగం చేయాలనుంది. ఒక సంస్థ వాళ్లు రోజూ ఫోన్ చేసి, 60,000 రూపాయల ఆన్‌లైన్ కోర్సులో చేరితే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఈఎంఐ ఉందట, ఆధార్, పాన్ ఫోటోలు పంపమంటున్నారు. మా నాయన సరేనన్నారు. చేరమంటారా?

జవాబు: ఆధార్, పాన్ ఇప్పుడే పంపకండి. ఈఎంఐ అంటే చాలాసార్లు ఫైనాన్స్ కంపెనీ మీ పేరునో, మీ నాయన పేరునో రాసే అప్పే. ఫీజు సంస్థకు ముందే ముడుతుంది. క్లాసులు నచ్చక మానేసినా కిస్తీలు ఆగవు. కట్టకపోతే సిబిల్ స్కోరు దెబ్బతిని, రేపు ట్రాక్టరు లోనుకు వెళ్లినప్పుడు అడ్డం వస్తుంది. ఇప్పటికే సంతకం చేసి ఉంటే కాగితాల్లో 'కూలింగ్ ఆఫ్' గడువు చూడండి. ఆ లోపు అసలూ, అప్పటిదాకా గడిచిన రోజుల వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడొచ్చు. గ్యారంటీ సంగతి కాగితం మీద అడగండి: జీతమెంత, ఎన్ని నెలల్లో, రాకపోతే వాపసు ఎంత?

ఇక చదువు. మొదట ఎక్సెల్, తర్వాత డేటాబేస్ నుంచి డేటా తీసే భాష ఎస్‌క్యూఎల్, ఆపైన చార్టులు, రిపోర్టులు చేసే పవర్ బీఐ. పైథాన్ ప్రోగ్రామింగ్ కొన్నాళ్లు ఆగినా ఫరవాలేదు. మొదటి వీడియో చూసి కోర్సును తేల్చకండి, అది అందరిదీ బాగానే ఉంటుంది. చివరి అసైన్‌మెంట్ తెరవండి. శుభ్రం చేసిన డేటా ఇచ్చి చార్టు గీయమంటే ఆ కోర్సు వద్దు. ఉద్యోగంలో డేటా అలా రాదు. మార్కెట్ యార్డు ధాన్యం ధరల షీటే తీసుకోండి. 13-05-2024 అనే తేదీ గడిలో ఎడమవైపుకు అంటుకుని ఉందంటే, ఎక్సెల్ దాన్ని తేదీగా గుర్తించలేదన్నమాట. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో నెలను ముందు చదువుతోంది, 13వ నెల లేదు. 05-06-2024 ఇంకా ప్రమాదం: జూన్ 5 కాస్తా మే 6 అయిపోతుంది, ఏ హెచ్చరికా రాదు, నెలవారీ సగటు తప్పుతుంది. ఇలాంటి చిక్కులు మీ చేత విప్పించే కోర్సునే ఎంచుకోండి.

సర్టిఫికెట్‌కు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల పోర్టల్ 'స్వయం'లో ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు మంచివి. జనవరిలో, జులైలో మొదలవుతాయి. పాఠాలు ఉచితం, పరీక్ష ఫీజు 1,000 రూపాయలు. అసైన్‌మెంట్లకు 25లో 10, పరీక్షకు 75లో 30 రావాలి. పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్‌ను మాత్రం చివరి రాత్రికి ఉంచుకోకండి, గడువు దాటితే తీసుకోరు.

ల్యాప్‌టాప్ కొంటే విండోస్‌దే కొనండి, ర్యామ్ 8 జీబీకి తగ్గొద్దు. పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌లోనే నడుస్తుంది.