ఊరి పొగ లెక్క ఊరే వేసుకోవాలి

అనంతపురం

పాపకు పెదనాయన దీవెనలు.

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు వినగానే టెన్షన్ పడుతున్నావని తెలిసిపోయింది. మూడు పంచాయతీలు అప్పగించి, ఊరివాళ్ల చేత వాతావరణ ప్రణాళికలు తయారు చేయించమన్నారు, చేతిలో పెద్ద ఫారం ఒకటి పెట్టారు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. వాననీటిని ఆపి నేలలో ఇంకించే వాటర్‌షెడ్ పనుల కోసం ఈ జిల్లా ఊళ్లన్నీ తిరిగినవాణ్ణి కదా, మిగతాది కాగితం మీద పెడుతున్నా.

ఫారం బ్యాగులోనే ఉంచు. మొదటి వారం ఏమీ రాయకు, ఊరు తిరుగు. పొద్దున్నే పాల కేంద్రం దగ్గర నిలబడు, చెరువు కట్ట ఎక్కు, చెత్త ఎక్కడ తగలబెడుతున్నారో చూడు. ఆ తర్వాత రచ్చకట్ట దగ్గర ముగ్గుపిండితో ఊరి పటం గీయించు. గీసేది నువ్వు కాకూడదు. వాళ్లు గీస్తుంటే చెరువు, వంక, బోర్లు, బీడు ఒక్కొక్కటే నేల మీదికి వస్తాయి. గీసేటప్పుడు వాళ్లలో వాళ్లకు వాదన మొదలైతే ఆపకు. నీకు కావలసిన సంగతులు ఆ వాదనలోనే బయటపడతాయి.

మీటింగు పగలు పెడితే సర్పంచి, ఇద్దరు ముగ్గురు పెద్ద రైతులు తప్ప ఎవరూ రారు. కూలికి పోయినవాళ్లు ఇల్లు చేరి, సంగటి తిని, తీరికయ్యే సరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. ఆ వేళకు పెట్టు. ఆడవాళ్లతో పొదుపు సంఘం సమావేశం రోజున విడిగా కూర్చో. కౌలు రైతులనూ గొర్రెల కాపరులనూ వాళ్లున్న చోటికే పోయి కలువు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒకసారి అడగకుండా చేశాను. ఒక ఊళ్లో వంక గట్టు పొడవునా కానుగ మొక్కలు పెట్టించాను. ప్లాను నేనే వేశాను, ఊరివాళ్లు సంతకాలు పెట్టారు. ఉగాది నాటికి ఒక్క మొక్కా మిగల్లేదు. ఒక ముసలి కాపరి నన్ను నిలబెట్టి, "సామీ, ఒక్క మాట అడిగింటే చెప్పింటిమి కదా, ఇది మా మందలు పొయ్యే దోవ అని" అన్నాడు. కోపంగా కాదు, బాధగా అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నాకు గుర్తుంది.

ఇక అసలు సంగతి, లెక్క. మోటార్లు, పొయ్యిలు, ఎరువుల వల్ల ఊరి నుంచి భూమిని వేడెక్కించే వాయువులు ఎంత పోతున్నాయో చూసేదే ఈ లెక్క. పొగ అని నేననేది ఆ వాయువులనే. ఊరి లెక్క ఊరే వేసుకుంటే అది వాళ్ల ప్రణాళిక అవుతుంది. నువ్వు వేసి చూపిస్తే నీ రిపోర్టుగానే మిగిలిపోతుంది. రైతులు ఇలాంటి లెక్కలు వేయలేరని ఎవరైనా అంటే నమ్మకు. 2000 తర్వాతి సంవత్సరాల్లో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు జిల్లాలతో పాటు మరికొన్ని జిల్లాల్లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో భూగర్భజలాల పని ఒకటి నడిచింది. ఆ పనిలో రైతులే వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం చూశారు. ఉన్న నీళ్లకు ఏ పంట సరిపోతుందో ఊరంతా కూర్చుని తేల్చుకున్నారు. నీళ్ల లెక్క కట్టినవాళ్లకు పొగ లెక్క కష్టం కాదు.

మోటార్లతో మొదలుపెట్టు. ఒక హెచ్‌పీ అంటే 0.746 కిలోవాట్. 7.5 హెచ్‌పీ మోటారు 9 గంటలు తిరిగితే 50 యూనిట్లు. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన 35 కిలోలు. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ మొత్తం కాలిస్తే వచ్చేది దాదాపు 42 కిలోలు. అంటే ఒక ఇంటికి నెలా నెలన్నర వచ్చే సిలిండర్ పొగ కన్నా కొంచెమే తక్కువ పొగకు, ఒక మోటారు ఒక్క రోజులో కారణమవుతోంది. ఊళ్లో వంద మోటార్లుంటే రోజుకు మూడున్నర టన్నులు. ఈ లెక్కను నల్లబల్ల మీద ఒక రైతు చేతే రాయించు. పొగ అనగానే అందరూ ఆడవాళ్ల పొయ్యి వైపు చూస్తారు. ఈ అంకెలు చూశాక మాట బోరు వైపు మళ్లుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పొలానికి ఉచిత కరెంటు. బిల్లు రాదు కాబట్టి కరెంటు ఆదా చేయమంటే రైతుకు చేతికొచ్చేది ఏమీ కనిపించదు. అందుకని బోరు బతకడం గురించి మాట్లాడు, మోటారు కాలిపోతే వైండింగ్‌కు ఎంత అవుతోందో అడుగు. ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే కరెంటు వచ్చినప్పుడల్లా, పంటకు అవసరమున్నా లేకపోయినా, మోటారు తిరుగుతూనే ఉంటుంది. అది తీసేయడానికి రైతు ఊరికే ఒప్పుకోడు. లైను ఎప్పుడొస్తుందో తెలియక రాత్రంతా మేలుకున్న రోజులు అతనికి గుర్తున్నాయి. పగటి సరఫరా నమ్మకంగా ఉంటేనే తీస్తాడు. కాబట్టి వేళ తప్పని పగటి కరెంటు కోసం ఊరు అడిగేది కూడా ప్రణాళికలో ఒక పనిగా రాయించు.

నీరు లోతుకు పోయేకొద్దీ కరెంటూ పెరుగుతుంది. 200 అడుగుల నుంచి తోడే నీటిని 600 అడుగుల నుంచి తోడాలంటే అదే బిందెకు మూడింతల కరెంటు కావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. చెరువు పూడిక తీయడం, వంక మీద చెక్‌డ్యామ్ బాగుచేయడం, చీనీ (బత్తాయి) తోటకు డ్రిప్, ఇవన్నీ పొగ తగ్గించే పనులే. ఊరు వీటిని నీళ్ల కోసం చేస్తుంది. ఫారంలో నువ్వు వాటిని పొగ తగ్గించే పనుల కింద కూడా చూపించు, అంతే. నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశానికే మొదలైంది. మట్టి పని ఎలా చేయించాలో మన జిల్లాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

యూరియా గురించి సగం మందికి తెలియదు. 45 కిలోల మూటలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. అందులో కొంచెం, అర శాతం నుంచి ఒక శాతం దాకా, నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా 270 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. ఒక్క మూట నుంచి పొలంలో పోయే ఈ వాయువే 45 నుంచి 90 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమవుతుంది. తయారీలో వచ్చిన పొగ ఇంకా వేరే. మెట్ట శెనక్కాయకు యూరియా పెద్దగా పడదు కాబట్టి ఆ రైతులను దీనితో విసిగించకు. మిరప, మొక్కజొన్న వేసేవాళ్లతో మాట్లాడు. ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతు ఊళ్లో ఒక్కరున్నా మీటింగు ఆ పొలంలోనే పెట్టు. ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం గురించి నువ్వు గంట చెప్పేకన్నా, అక్కడి మట్టి చేతిలోకి తీసుకుని చూస్తే నమ్మకం కుదురుతుంది.

హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వరి ఊరు నీకు పడితే, నీళ్లు నిలిచిన మడి నుంచి వచ్చే మీథేన్ వాయువు లెక్క కూడా కలపాలి. మడిలో నీరు అన్ని రోజులూ నిలబెట్టి ఉంచకుండా, ఇంకిన తర్వాత మళ్లీ పెడితే అది బాగా తగ్గుతుంది. కాలువ చివరి రైతుకు ఈ మాట చెప్పకు, అతనికి నిలబెట్టడానికి నీళ్లు ఎక్కడివి?

ఎవరో ఒకరు నిన్ను తప్పకుండా అడుగుతారు: "కార్లలో, విమానాల్లో తిరిగేది వాళ్లు, తగ్గించుకోవాల్సింది మేమా?" ఆ ప్రశ్నను దాటేయకు. న్యాయమైన ప్రశ్న అది. మన దేశంలో మనిషికి ఏడాదికి సగటున 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికాలో 14 టన్నుల దాకా. మన పల్లెలో కూలి మనిషిది ఆ రెండు టన్నులు కూడా ఉండదు. ఆ అంకెలు నువ్వే చెప్పు. చెప్పి, ఊరికి నష్టం తెచ్చే పని ఒక్కటీ ఈ ప్రణాళికలో ఉండదని మాటివ్వు, ఆ మాట నిలబెట్టుకో. కట్టెల పొయ్యి వాడే ముసలమ్మ దగ్గర త్యాగం అడిగే హక్కు మనకు లేదు. సిలిండర్ తెప్పించుకోలేకపోతోందా, పేడ ఉండీ గోబర్ గ్యాస్ మూలపడిందా, ఆమె కష్టమేమిటో ముందు కనుక్కో.

పంచాయతీ చేతిలో ఉన్నవి వేరుగా రాయించు: వీధి దీపాలు, తాగునీటి మోటార్లు, చెత్త, బడి పైకప్పు, ఉమ్మడి బీడు. తాగునీటి మోటారుకు కరెంటు బిల్లు పంచాయతీకే వస్తుంది. ఇక్కడ ఆదా అయిన రూపాయి ఊరికే మిగులుతుంది. సర్పంచి అందరికన్నా ముందు ఒప్పుకునే పని ఇదే, మొదటి ఏడాదిలో ఇదే పెట్టించు. చెత్త నుంచి సంపద షెడ్డు ఉంటే కొత్తది అడిగే ముందు అది నడుస్తోందో లేదో చూడు. సోలార్ అనగానే మనవాళ్లకు ఎన్.పి.కుంట పార్కు, కర్నూలు వైపు గని, శకునాల దగ్గరి 1000 మెగావాట్ల పార్కు గుర్తొస్తాయి. ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టుకుంటే సూర్యఘర్ పథకంలో 78,000 రూపాయల సబ్సిడీ ఉందని చెబితే కళ్లు తెరుస్తారు. మిగతా డబ్బు ఎలా తేవాలో కూడా అప్పుడే మాట్లాడాలి, సబ్సిడీ మాట ఒక్కటే చెప్పి రావద్దు.

కేరళలో వయనాడ్ జిల్లా మీనంగాడి పంచాయతీ 2016లో ఈ పని మొదలుపెట్టింది. ముందు ఊరి లెక్క తీశారు. చెట్టు నరకకుండా ఉంచే రైతుకు చెట్టుకు ఏడాదికి 50 రూపాయల చొప్పున వడ్డీ లేని అప్పు ఇచ్చే ఏర్పాటు చేశారు. అది కాఫీ, మిరియాల నేల, అక్కడిది ఇక్కడ నాటలేం. అయితే పని పంచాయతీ భుజాన వేసుకుందన్న సంగతి మనవాళ్లకు చెప్పదగ్గది.

చివరికి ఇదంతా గ్రామసభ తీర్మానం కావాలి. వేరే ప్రణాళిక అని పుస్తకం కుట్టిస్తే అది బీరువాలో పడుతుంది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో తొమ్మిది అంశాలున్నాయి కదా, నాలుగోది నీటి సమృద్ధి, ఐదోది స్వచ్ఛత పచ్చదనం. మీ పనులను వాటి కిందే రాయిస్తే నిధులతో ముడిపడతాయి. పనులు ఐదారుకు మించనివ్వకు. ఏది ముందో చింతగింజలతో ఓటేయించు, చదువు రానివాళ్ల మాట కూడా అందులో పడుతుంది. ప్రతి పనికీ ఎదురుగా ఎవరు చూసుకుంటారో ఒక మనిషి పేరు, ఎప్పటికి అవుతుందో నెల పేరు రాయించు. ఊరి సచివాలయం గోడ మీద పెయింటుతో రాయిస్తే ఇంకా మంచిది.

ఆదివారం ఇంటికి రా. మూడు ఊళ్ల మోటార్ల పట్టీ, తాగునీటి మోటార్ల పన్నెండు నెలల బిల్లులు తెచ్చుకో. బిల్లులు పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంటాయి, సర్పంచితో కలిసి వెళ్లి అడుగు. లెక్క ఎలా మొదలుపెట్టాలో ఒక ఊరికి నీతో కూర్చుని చేస్తాను, మిగతా రెండూ ఊరివాళ్లతో నువ్వు చేయించు.

ఎండలు ముదిరాయి, టోపీ, నీళ్ల సీసా మరిచిపోకు.

మీ పెదనాయన