జుట్టు నల్లబడుతుందని కొన్న హెషౌవూ అనే చైనా మూలిక పొడిని ఇంట్లో వాడొచ్చా?

నెరిసిన జుట్టు కోసమే అయితే వద్దు. జుట్టు నల్లబడుతుందనడానికి గట్టి రుజువు లేదు. కాలేయం దెబ్బతిన్న కేసులు మాత్రం చైనాలోనే చాలా నమోదయ్యాయి. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2006లోనే దీనిపై హెచ్చరించింది.

హెషౌవూ ఒక తీగ మొక్క వేరు. అమెరికాలో 'ఫో-టీ' పేరుతో అమ్ముతారు. పచ్చి వేరు ముక్కలు ఎర్రటి గోధుమ రంగులో ఉంటాయి, విరేచనకారి. నల్ల సోయా గింజల రసంతో ఉడికిస్తే నలుపు తిరుగుతాయి. చైనా వైద్యులు బలానికి ఇచ్చేది ఈ రకాన్నే. ఇలా ఉడికించి శుద్ధి చేసింది కాస్త నయమే కానీ దానితోనూ కామెర్లు వచ్చినవాళ్లున్నారు. పొడి చేశాక ఏ రకమో కంటితో పోల్చడం కష్టం. డబ్బా మీద రాయకపోతే పక్కన పెట్టేయండి.

చైనాలో ఆరోగ్య ఉత్పత్తులకు 2014లో పెట్టిన రోజువారీ పరిమితి పచ్చిదైతే 1.5 గ్రాములు, శుద్ధి చేసిందైతే 3 గ్రాములు. అయితే హాని అందరికీ మోతాదును బట్టే రాదు. కొందరి జన్యువుల్లోనే ఆ రిస్క్ ఉంటుంది, ముందే తెలియదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయ సమస్య ఉన్నవాళ్లు, టీబీ మందులు గానీ, కీళ్లవాతం లాంటి జబ్బులకు ఇచ్చే మెథోట్రెక్సేట్ గానీ వాడేవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు దీని జోలికే పోవద్దు. 'మూలికే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు' అనే మాట ఇక్కడ చెల్లదు.

అయినా వాడతానంటే డాక్టరుకు చెప్పి, ముందొకసారి, కొన్ని వారాలకోసారి ఎల్ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోండి. నీరసం, వికారం, ఒళ్లంతా దురద, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్లు పచ్చబడటం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆపేసి, ఆ డబ్బా పట్టుకునే ఆసుపత్రికి వెళ్లండి.